ఉత్తరారణ్యములో మోటారుసైకిలు ప్రయాణము: దాని సన్నాహము

దూరదేశములు చూడవలెనను కోరిక యువకుల హృదయములలో సహజముగా పుట్టునది. మన పాఠశాలలోని పై తరగతుల విద్యార్థులు, మంచుకొండల నడుమ మోటారుసైకిలు నడుపుకొని పోవువారి చిత్రములను ఫోనులలో చూచి, తామును ఒకనాడు అట్లు పోవలెనని తలంచుచుందురు. ఆ కోరికను మేము నిందింపము. సృష్టికర్త కలుగజేసిన విశాల ప్రపంచమును కన్నులార చూడగోరుట తప్పు కాదు. అయితే ఆ చిత్రములలో కనబడునది ప్రయాణములో కొంత భాగము మాత్రమే. అంతకంటె ముఖ్యమైన భాగము, బయలుదేరుటకు ముందు ఇంటిలో బల్లయొద్ద కూర్చుండి, పటమును పెన్సిలును ముందుంచుకొని చేయవలసిన పని. ఆ పని ఎట్టిదో, దానిని సరిగా చేయనివారికి ఏమి సంభవించెనో, ఒక్క మార్గమును ఉదాహరణముగా గైకొని వివరించెదము.

కెనడా దేశపు వాయవ్యమూలను యూకాను అను ప్రాంతము కలదు. అచ్చటి క్లాండైకు లోయలో 1896వ సంవత్సరమున బంగారము కనుగొనబడగా డాసను అను పట్టణము వెలసెను. ఆ పట్టణమునకు తూర్పుగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున, పెద్ద బాటనుండి చీలి ఉత్తరముగా పోవు కంకరబాటకు డెంప్‌స్టరు రహదారి యని పేరు. దాని నిర్మాణము 1959లో ఆరంభమై, 1979వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన మార్గము తెరువబడెను. పొడవు 736 కిలోమీటర్లు. అది పర్వతశ్రేణులను దాటి, 405వ కిలోమీటరు దాపున ఉత్తర ధ్రువవృత్తమును ఖండించి, మెకంజీ నది డెల్టాలోని ఇనూవికు పట్టణమును చేరును. అచ్చటినుండి టుక్‌టొయాక్‌టుకు అను సముద్రతీర గ్రామమువరకు వేసిన మరియొక బాట, సుమారు 138 కిలోమీటర్లది, 2017వ సంవత్సరము నవంబరు 15వ తేదీన తెరువబడెను. కావున నేడు మోటారుసైకిలుపై ఆర్కిటిక్ మహాసముద్రపు ఒడ్డువరకు పోవచ్చును.

ఈ బాటపై తారు వేయక కంకర యేల పరచిరని విద్యార్థులు అడుగవచ్చును. ఆ దేశమున నేల లోతున సంవత్సరము పొడుగునను గడ్డకట్టియే యుండును. వేసవిలో పైపొర మాత్రము కరగి బురద యగును. నేలపై నేరుగా బాట వేసినచో, వేడిమి లోనికి దిగి, మంచు కరగి, బాట క్రుంగిపోవును. అందుచేత ఒక మీటరునకు మించిన మందమున కంకరకట్ట పోసి, క్రింది మంచునకు వేడి తగులకుండ దానిని దుప్పటివలె కప్పిరి. ఇదే కారణముచేత ఇనూవికులో ఇండ్లు నేలపైగాక స్తంభములపై నిలుచును. నీటి గొట్టములును మురుగు గొట్టములును నేలలో పాతబడక, పెట్టెలవంటి కప్పులలో నేలపైననే పోవును.

ఇక ఆ బాటకు డెంప్‌స్టరు అను పేరు వచ్చుటకు కారణమైన చరిత్రను వినుడు. మోటారుసైకిలు ప్రయాణమునకును ఆ చరిత్రకును సంబంధ మేమని మొదట తోచవచ్చును గాని, సన్నాహమును గూర్చి ఏ గ్రంథమును నేర్పజాలని సంగతి అది నేర్పును.

బాట లేని ఆ దినములలో, పోలీసువారు ప్రతి శీతకాలమున కుక్కలు లాగు మంచుబండ్లతో డాసనునకును ఫోర్టు మెక్‌ఫర్సను అను గ్రామమునకును నడుమ పహరా తిరుగుచుండిరి. 1910వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన ఇన్‌స్పెక్టరు ఫ్రాన్సిసు ఫిట్జెరాల్డుగారు ముగ్గురు సహచరులతోను 15 కుక్కలతోను ఫోర్టు మెక్‌ఫర్సను విడిచి డాసనునకు బయలుదేరెను. ఆయన ధైర్యవంతుడు, అనుభవశాలి. అయిదవ జార్జి చక్రవర్తి పట్టాభిషేకమునకు లండను పోవలసిన పోలీసు దళములో ఆయన పేరు చేరియుండుటచేత త్వరగా చేరవలెనను ఆతురత గలవాడై, బండ్లు తేలికగా నుండుటకై ఆహారమును తగ్గించెను. సుమారు 30 దినములకు సరిపోవునది మాత్రమే తీసికొనెను. మార్గదర్శకుడుగా వచ్చిన కార్టరు ఆ త్రోవను కొన్ని సంవత్సరములకు ముందు ఒక్కసారి, అదియు ఎదురు దిక్కునుండి, నడచినవాడు. దారిలో ఆ దేశపు గ్విచిన్ జాతివాడొకడు తటస్థపడి కొన్ని దినములు త్రోవ చూపెను. అయినను ఫిట్జెరాల్డుగారు జనవరి 1వ తేదీన అతనికి కూలి యిచ్చి పంపివేసెను.

అటుపిమ్మట కార్టరు తిరుగవలసిన వాగును పోల్చుకొనలేకపోయెను. దినముల కొలది ఒక వాగునుండి మరియొక వాగునకు వెదకిరి. 1911వ సంవత్సరము జనవరి 18వ తేదీన వెనుకకు మరలునప్పటికి వారు బయలుదేరి 28 దినములైనది. మిగిలిన ఆహారము 10 పౌనుల పిండి, 8 పౌనుల పందిమాంసము, కొన్ని ఎండుచేపలు మాత్రమే. వారు తమ కుక్కలను ఒక్కొక్కదానిని చంపి తినుచు నడచిరి. నలుగురిలో ఒక్కడును గ్రామము చేరలేదు. కడవరకు నడచిన ఇద్దరు ఫోర్టు మెక్‌ఫర్సనునకు సుమారు 40 కిలోమీటర్ల దూరములోనే పడిపోయిరి. ఫిట్జెరాల్డుగారు చనిపోకముందు కాలిన పుల్లతో తనకు గలదంతయు తల్లికి చెందవలెనని మరణశాసనము వ్రాసెను. వారిని వెదకుటకు డాసనునుండి ఫిబ్రవరి 28వ తేదీన వెడలిన కార్పొరలు డెంప్‌స్టరు, చార్లీ స్టూవర్టు అను గ్విచిన్ మార్గదర్శకుని వెంటబెట్టుకొని, మార్చి నెలలో ఆ దేహములను కనుగొనెను. ఫోర్టు మెక్‌ఫర్సనులోని ఆంగ్లికను దేవాలయపు ఆవరణములో ఆ నలుగురి సమాధులు నేటికిని కలవు. బాటకు పెట్టబడినది ఆ డెంప్‌స్టరు పేరే.

ఇంతకు ఒక సంవత్సరము ముందు, 1909వ సంవత్సరపు శరత్కాలమున, బిషప్పు ఐజాకు స్ట్రింగరుగారును ఆయన తోడి దైవసేవకుడు జాన్సనుగారును అవే పర్వతములలో పొగమంచుచేత త్రోవ తప్పిరి. ఆహారము ముగియగా, వారు తమ సీలు చర్మపు జోళ్లను ఉడుకబెట్టి తినిరి. అయినను బ్రదికిరి. ఎట్లనగా, డాసను చేరుట అసాధ్యమని తెలిసికొని, నీరు పారు దిక్కును పట్టుకొని నదివైపు వచ్చి, గ్విచిన్ జాతివారి మకామును చేరుకొనిరి. ఆ జాతివారే వారికి ఆహారమిచ్చి కాపాడిరి. చరిత్రలో ఆయనకు జోళ్లు తినిన బిషప్పు అను పేరు నిలిచినది.

ఈ రెండు వృత్తాంతములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. రెండింటను ధైర్యము కలదు, ప్రార్థన కలదు, ఓర్పు కలదు. ఏ దినమున వెనుకకు మరలవలెను, ఎవరిని త్రోవ అడుగవలెను అను రెండు విషయములయందే ప్రాణములు నిలుచుటయు పోవుటయు జరిగెను. కావున మోటారుసైకిలుతో పోవువాడు చేయవలసిన సన్నాహమంతయు ఈ రెండు ప్రశ్నల చుట్టును తిరుగుచుండును. దానిని వరుసగా చెప్పెదము.

మొదటిది కాలనిర్ణయము. ఈ బాటపై పీలు నది 539వ కిలోమీటరునొద్దను, మెకంజీ నది 608వ కిలోమీటరునొద్దను అడ్డువచ్చును. రెండింటిపైనను వంతెనలు లేవు. వేసవిలో బల్లకట్టుపైనను, నడిశీతకాలమున గడ్డకట్టిన నదిపైనను దాటుదురు. నీరు గడ్డకట్టునప్పుడును కరగునప్పుడును కొన్ని వారములు దాటుటకు వీలే యుండదు. సాధారణముగా జూను మొదలు అక్టోబరు వరకు బల్లకట్టు నడచును. రెండు చక్రముల బండికి జూను నడుమనుండి ఆగస్టు కడవరకే తగిన కాలము. జూను, జూలై నెలలలో ఇనూవికున దాదాపు 8 వారములు సూర్యుడస్తమింపడు. రాత్రి లేదని సంతోషించువాడు, నిద్ర మరచి బండి నడుపు అపాయమును తెలిసికొనవలెను. ఆగస్టు కడపట కొండలు ఎర్రబారి మనోహరముగా నుండును గాని మంచు పడుటకు ఆరంభించును. కొండమార్గములలో వేసవి నడుమ సైతము మంచు పడిన సందర్భములు కలవు. ఏటి నీరు పెరిగినను, అడవికి నిప్పు తగిలినను బాట కొన్ని దినములు మూయబడవచ్చును.

కావున దినములను లెక్కించు విధమిది. డాసనునుండి సముద్రమువరకు 40, 736, 138 కలిపి 914 కిలోమీటర్లు. కంకరపై దినమునకు 250 కిలోమీటర్లు పోవుట మంచి నడక. అట్లయిన పోవుటకు 4 దినములు, వేరు దారి లేనందున అదే దారిని వచ్చుటకు 4 దినములు. సముద్రపు టొడ్డున విశ్రాంతికి 1 దినము. వీటిపై వానకును, నదికిని, యంత్రము చెడుటకును 3 దినములు వేరుగా నుంచవలెను. మొత్తము 12 దినములు. ఈ 3 దినములు లేనివాడు ఆతురతచేత నదియొద్దనో కొండపైననో అవివేకపు పని చేయును. పట్టాభిషేకమునకు పోవలెనను ఆతురత ఫిట్జెరాల్డుగారిచేత ఏమి చేయించెనో చూచితిమి.

రెండవది ఇంధనము. బాట ఆరంభమునుండి ఈగిలు ప్లెయిన్సు అను మజిలీవరకు సుమారు 370 కిలోమీటర్లు. డాసనులోనే పెట్రోలు నింపుకొని బయలుదేరిన యెడల 410 కిలోమీటర్లు. ఆ నడుమ పెట్రోలు దొరకునని నమ్మరాదు. విజయవాడనుండి విశాఖపట్టణమువరకు ఒక్క బంకును, ఒక్క అంగడియు, ఒక్క గ్రామమును లేదని ఊహించుకొనుడు. ఈ దూరము దానికంటెను ఎక్కువ. ఇప్పుడు చిన్న లెక్క చేయుదము. ఒక బండి తొట్టిలో 16 లీటర్లు పట్టును. తారుబాటపై లీటరునకు 22 కిలోమీటర్లు పోవునది, సామానుల బరువుతో, ఎదురుగాలిలో, కంకరపై 18 మాత్రమే పోవుననుకొందము. 410ని 18చేత భాగింపగా దాదాపు 23 లీటర్లు. దానిపై ఐదవ వంతు అదనముగా కలుపగా సుమారు 28 లీటర్లు. అనగా తొట్టిగాక 12 లీటర్లు డబ్బాలో మోయవలెను. తారుబాట లెక్కనే నమ్మి బయలుదేరినవాడు, 19 లీటర్లు చాలునని తలంచి, మజిలీకి సుమారు 70 కిలోమీటర్ల ఇవతలనే నిలిచిపోవును. ఈగిలు ప్లెయిన్సునొద్ద మరల నింపుకొనినచో, తరువాతి ఫోర్టు మెక్‌ఫర్సను సుమారు 180 కిలోమీటర్లే గనుక అంత భయము లేదు.

ఈ లెక్కలోనే మరలుటయొక్క సూత్రము ఇమిడియున్నది. పోవుటకు ఎంత వ్యయమగునో వచ్చుటకును అంతే కావలెను. కాబట్టి, ముందు నిశ్చయముగా దొరకునది ఏదియు లేనప్పుడు, ఉన్నదానిలో సగము వ్యయమగు చోటు మరలవలసిన చోటు. దానిని దాటినవాని చేతిలో మరలుట అనునది ఇక లేదు. ఫిట్జెరాల్డుగారి పహరాకు 30 దినముల ఆహారముండగా, మరలవలసిన దినము 15వది. వారు మరలినది 28వ దినమున. ఈ చిన్న భాగహారమును వారెరుగకపోలేదు. రేపు దారి కనబడునను ఆశ ఆ లెక్కను మరపించెను. అందుచేత మరలవలసిన దినమును, చోటును, కారణములను బయలుదేరకముందే కాగితముపై వ్రాసికొనవలెను. అలసిన దేహముతో, చలిలో, ఆశ బలముగా నున్నప్పుడు చేయు ఆలోచన నమ్మదగినది కాదు. ఇంటియొద్ద నెమ్మదిగా కూర్చుండి వ్రాసినది అప్పుడు స్నేహితునివలె చేయిపట్టి నడిపించును.

మూడవది చక్రములు, యంత్రము. ఈ బాటపై పరచిన రాయిలో పదునైన పలకరాతి ముక్కలు విస్తారముగా నుండును. అవి టైరులను చీల్చును. క్రొత్త టైరులు వేసికొని, పంచరు వేయు సాధనములు, గాలి పంపు, టైరు ఊడదీయు కడ్డీలు, అదనపు ట్యూబులు, క్లచ్చి తీగ, గొలుసు కలుపు ముక్కలు, చేతి బ్రేకు పిడి మొదలగునవి తీసికొనవలెను. సాధనములు మోయుట మాత్రము చాలదు. ఇంటియొద్దనే, తన చేతులతో, ఇతరుల సహాయము లేకుండ, చక్రమును ఊడదీసి మరల బిగించుట కనీసము రెండుమారులు అభ్యసింపవలెను. ధూళి లేవకుండుటకై బాటపై కాల్షియము క్లోరైడు అను లవణము చల్లుదురు. వాన కురిసినప్పుడు అది బురదతో కలిసి జారుడుగా నుండును. ఆరినపిమ్మట సిమెంటువలె గట్టిపడి, యంత్రమును చల్లబరచు రేడియేటరును మూసివేయును. దినము ముగియగానే దానిని కడుగవలెను. ఎదురుగా పెద్ద లారీలు వచ్చునప్పుడు వేగము తగ్గించి ప్రక్కకు తొలగవలెను. ఏలయనగా వాటి చక్రములనుండి రాళ్లు ఎగిరిపడును.

నాలుగవది దేహరక్షణ. చలి విపరీతముగా లేనప్పుడును, తడిసిన బట్టలపై గంటకు 60 కిలోమీటర్ల గాలి తగిలినచో దేహపు వేడి త్వరగా దిగిపోవును. ముందు చేతులు మొద్దుబారును, పిమ్మట బుద్ధి మందగించును. బుద్ధి మందగించినవాడు తనకు అపాయము వచ్చినదని తానే తెలిసికొనలేడు. కావున ఉన్ని బట్టలు పొరలుగా ధరించి, పైన నీరు చొరని అంగీని వేసికొనవలెను. నూలుబట్ట మన దేశమున శ్రేష్ఠమైనదే గాని, తడిసినప్పుడు వేడిని నిలుపదు గనుక అచ్చట పనికిరాదు. దోమలు గుంపులుగా వచ్చును, తలకు వలతొడుగు కావలెను. ఎలుగుబంట్లు తిరుగు దేశమగుటచేత వండిన చోటను, ఆహారముంచిన చోటను గుడారము వేయరాదు. ఆహారమును వాసన బయటికి రాని గట్టి డబ్బాలో పెట్టి, గుడారమునకు నూరు అడుగులు ఎడముగా గాక, నూరు మీటర్లు ఎడముగా నుంచవలెను.

ఐదవది వార్త. గ్రామములు దాటినచో చేతిఫోను పనిచేయదు. ఉపగ్రహము ద్వారా వార్త పంపు చిన్న యంత్రము నేడు దొరకును, దానిని వెంట తీసికొనవలెను. అంతకంటె ముఖ్యముగా, ఇంటియొద్ద నమ్మకమైన యొకరికి, ఏ దినమున ఎచ్చట నుందుమో, ఏ దినమువరకు వార్త రానిచో పోలీసువారికి తెలియజేయవలెనో వ్రాసి యియ్యవలెను. డెంప్‌స్టరు బయలుదేరునప్పటికి ఆ నలుగురును రావలసిన దినము దాటి ఎన్నియో వారములైనది.

ఆరవది, అన్నింటికంటె ముఖ్యమైనది, ఆ దేశస్థులను అడుగుట. పటములో బాట మారదు. నది, వాన, అగ్ని, మృగములు దినదినమును మారుచుండును. వాటి సంగతి బల్లకట్టు నడుపువానికిని, మజిలీలో పనిచేయువారికిని, గ్విచిన్, ఇనువియాలుయిట్ జాతుల పెద్దలకును తెలియును. ప్రతి మజిలీలో, ముందు దారి నేడెట్లున్నదని వినయముగా అడిగి, వారు వద్దనినచో ఆగవలెను. ఆ భూమి నిర్జనమని వ్రాయుదురు గాని, ఆ జనములు వేల సంవత్సరములనుండి అచ్చట వేటాడుచు, కారిబూ అను దుప్పిజాతి మృగముల మందలను అనుసరించి జీవించుచున్నారు. ఆర్చిడీకను రాబర్టు మెక్‌డోనాల్డుగారు వారి మధ్య నివసించి, ఆ జాతి స్త్రీయైన తన భార్య జూలియా మొదలగువారి సహాయముతో పరిశుద్ధ గ్రంథమంతయు వారి భాషలోనికి మార్చగా, అది 1898వ సంవత్సరమున అచ్చు పడెను. ఇది మనకు సంతోషకరమైన చరిత్ర. దుఃఖకరమైనదియు కలదు. సంఘములు నడిపిన వసతి పాఠశాలలలో ఆ జాతుల బిడ్డలు తలిదండ్రులకును మాతృభాషకును ఎడమై మిక్కిలి బాధలు పొందిరి. కెనడా ప్రభుత్వము 2008వ సంవత్సరము జూను 11వ తేదీన అందులకై క్షమాపణ చెప్పెను. మిషను పాఠశాలకు చెందిన మనము ఈ రెండింటిని ఎరిగియుండుట న్యాయము. ఎరిగినవాడు అచ్చట నేర్పుటకు పోయినవానివలె గాక, నేర్చుకొనుటకు పోయినవానివలె మాటలాడును.

విద్యార్థులారా, మీలో ఎందరు ఆర్కిటిక్ సముద్రమును చూతురో మేమెరుగము. అయినను మీలో అనేకులు కొలది సంవత్సరములలో మోటారుసైకిలు ఎక్కుదురు. సెలవు దినమున స్నేహితులతో కలిసి అరకుకో శ్రీశైలమునకో పోవలెనని బయలుదేరుదురు. బండిలో పెట్రోలెంత, చీకటి పడువేళ ఏది, వాన వచ్చినచో ఎచ్చట ఆగుదుము, ఎవరికి చెప్పితిమి అను ప్రశ్నలు ఆ చిన్న ప్రయాణమునకును కలవు. శిరస్సునకు హెల్మెట్టు లేకుండ అడుగైనను కదలరాదు. పదునెనిమిది యేండ్లు నిండి లైసెన్సు పొందువరకు గేర్ల బండిని ముట్టనే రాదు. తలిదండ్రులకు మా మనవి యేమనగా, కుమారుడు బండి యడిగినప్పుడు బండి వెలతోపాటు అతని లెక్కను కూడ అడిగి చూడుడు. లెక్క చెప్పగలవాడు బండి నడుపుటకు కొంత సిద్ధపడినవాడు.

స్నేహితులు పిరికివాడని నవ్వుదురను భయముచేత మరలవలసిన చోట మరలని యువకులు మన జిల్లాలలోను కలరు. వారి యిండ్లలోని దుఃఖమును మీరెరుగుదురు. గోపురము కట్టనెంచినవాడు ముందుగా కూర్చుండి వ్యయమును లెక్కించుకొనవలెనని మన ప్రభువు బోధించెను గదా. ఆ లెక్కలో పోవుట ఒక భాగము, తిరిగి వచ్చుట రెండవ భాగము. ఇంటియొద్ద తల్లి ఎదురుచూచునది ఈ రెండవ భాగముకొరకే.